నెట్టు మేడమీద, నేను వంటింట్లో

విమానం లేహ్ మీదికి వంగుతుంటే కిటికీలోంచి చూశాం. ఎటు చూసినా గోధుమరంగు కొండలు. గడ్డిపోచ లేదు. సింధు నది పక్కన మాత్రం సన్నగా ఒక ఆకుపచ్చ చార. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లం కదా, నది అంటే రెండు పక్కలా కనుచూపు మేర పొలాలుండాలని మా లెక్క. ఇక్కడ నీళ్లు దాటి కాస్త దూరం నడిస్తే ఎడారే.

చక్రాలు నేలను తాకాయో లేదో అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాయి. నాది పోస్ట్‌పెయిడ్ సిమ్. కాసేపటికి గీతలు నిండాయి. మా తమ్ముడిది ప్రీపెయిడ్. "అక్కా, నాకు నో సర్వీస్ అంటోందే!" అన్నాడు. పక్క సీట్లోని లద్దాఖీ పెద్దాయనకు తెలుగు రాకపోయినా వాడి మొహం చూసి సంగతి అర్థమైపోయింది. తిరిగి ఢిల్లీలో దిగేదాకా అంతే బాబూ అని హిందీలో చెప్పి నవ్వాడు.

మీరు వెళ్లేటట్టయితే ఈ ముక్క ముందే తెలుసుకోండి. జమ్మూకశ్మీర్‌లోనూ లద్దాఖ్‌లోనూ బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు. భద్రత కోసం పెట్టిన నిబంధన అది. పోస్ట్‌పెయిడ్ అయితే ఫర్వాలేదు. ఈ మాట బయల్దేరే ముందు మావాడికి చెబుతూనే ఉన్నాను, వాడు వింటూనే ఉన్నాడు. వినడం వేరు, సిమ్ మార్చడం వేరు. మా బెజవాడ బెంజి సర్కిల్లో నిలబడి సినిమా మొత్తం దించుకునే ఫోను ఇక్కడ కెమెరా ఉన్న గడియారమైపోయింది. ఆ క్షణం నుంచి తిరిగొచ్చేదాకా వాడి ఫోనూ, నా ల్యాప్‌టాప్పూ, ఒక్కోసారి మా డ్రైవరు ఫోనూ నా ఒక్క సిమ్ మీదే బతికాయి.

షికారుకు ల్యాప్‌టాప్ ఎందుకంటారా? నేను బెజవాడ వస్త్రలతలో కొన్ని బట్టల షాపులకు జీఎస్టీ లెక్కలు చూస్తాను. నెలనెలా 20వ తేదీలోగా జీఎస్టీఆర్-3బీ రిటర్ను వేయాలి. దాటితే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, పన్ను మీద వడ్డీ. షాపువాళ్లు ఆ కాగితాలు 18కి ముందు ఇస్తే ఆ నెల వర్షం పడుతుంది. విమానం టికెట్లు చవగ్గా దొరికిందేమో సరిగ్గా ఆ వారమే. అందుకని స్వెట్టర్ల మధ్య ల్యాప్‌టాప్ కూడా వచ్చింది.

లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది. దిగిన మొదటి రెండు రోజులూ ఏమీ చేయకండి, పడుకోండి అని విమానాశ్రయంలోనే చెబుతారు. గెస్ట్‌హౌస్‌లో పది మెట్లెక్కేసరికి ఆయాసం. ఇంద్రకీలాద్రి మెట్లన్నీ ఆగకుండా ఎక్కేదాన్ని, ఇక్కడ మంచం మీద లేచి కూర్చున్నా గుండె తలుపు తట్టింది. గోడ మీద వైఫై ఉచితం అని రాసుంది. దాని డబ్బా మీద ఎర్రలైటు వెలుగుతోంది. దారిలో ఎక్కడో కేబుల్ తెగిందట. కొండల మధ్య వందల కిలోమీటర్లు నడిచి రావాల్సిన తీగ, ఎక్కడో ఒకచోట తెగకపోతేనే వింత. "రేపొస్తుంది" అంది ఇంటామె. మర్నాడూ అంతే ప్రశాంతంగా అదే మాట అంది. ఆ ఊళ్లో ఎవరికీ నెట్టు మీద కోపం ఉన్నట్టు కనబడలేదు.

సరే, హాట్‌స్పాట్ పెట్టాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయండి. ఫోన్ సెట్టింగుల్లో హాట్‌స్పాట్ నొక్కితే ఆ ఫోను టవర్ దగ్గర్నుంచి తాను అందుకున్న 4జీనో 5జీనో వైఫైగా మార్చి చుట్టూ పంచుతుంది. ల్యాప్‌టాప్‌లో వైఫై జాబితా తెరిస్తే అందులో మన ఫోను పేరు కనిపిస్తుంది. పాస్‌వర్డ్ కొట్టడమే. నా ఫోనుకు కంపెనీ పెట్టిన మోడల్ నంబరే పేరుగా ఉండేది. తమ్ముడు పడుకుని పడుకుని విసుగెత్తి దాన్ని 'బెజవాడ బస్టాండ్' అని మార్చాడు. ఈ పేరు తర్వాత ఒకచోట పనికొచ్చింది, చెబుతాను.

ఆ రాత్రి ఇంకో సంగతి జరిగింది. మేం నిద్రపోతున్నాం, వాడి ఫోను మాత్రం మేలుకుంది. వైఫై దొరికింది కదా, మనింట్లో ఉన్నామనుకుంది పాపం. దారి పొడుగునా తీసిన ఫొటోలూ వీడియోలూ అన్నీ దాచుకోవడం, యాప్‌లన్నీ కొత్తవి దించుకోవడం మొదలుపెట్టింది. తెల్లారేసరికి నెల డేటాలో సగం దాటిందని నాకు మెసేజ్. అవతల ఉన్నది ఇంటి ఫైబరా, అక్క సిమ్మా అన్నది ఈ యంత్రాలకు మనం చెబితేగానీ తెలియదు. విండోస్‌లో ఆ నెట్‌వర్క్ పేరు మీద నొక్కి మీటర్డ్ కనెక్షన్ అని పెడితే పెద్ద అప్‌డేట్లు ఆగుతాయి. ఆండ్రాయిడ్‌లోనూ అలాంటి మీట ఉంది. ఇద్దరివీ పెట్టేశాను. నిజానికి జీఎస్టీ రిటర్ను వేయడానికి పట్టేది కొద్ది ఎంబీలే. మింగేసేది వీడియో కాల్. మా ఆఫీసు మీటింగు గంట నడిస్తే ఒక జీబీ హరించుకుపోతుంది, అందులో పనికొచ్చే మాటలు ఐదు నిమిషాలు.

ఊపిరి కుదురుకున్నాక పాత లేహ్ చూడ్డానికి బయల్దేరాం. పైన తొమ్మిది అంతస్తుల రాజప్రాసాదం. 17వ శతాబ్దంలో సెంగే నంగ్యాల్ రాజు కట్టించింది. దాని కింద మట్టి ఇళ్ల మధ్య సందులు. మన బెజవాడ వన్‌టౌన్ సందులు ఇరుకనుకుంటాం గానీ అవి ఏదో ఒక రోడ్డు మీదికి తేలతాయి. ఇవి కొన్ని ఎవరింటి కిందుగానో సొరంగంలా వెళ్లి ఎవరి పెరట్లోనో ఆగిపోతాయి. ఒక ఆవు మమ్మల్ని చూసి, దారివ్వాల్సింది మేమేనన్నట్టు నిలబడింది. వెనక్కి నడిచాం.

ఇక్కడ తమ్ముడి పరిస్థితి చూడాల్సిందే. వాడి మ్యాపు నా హాట్‌స్పాట్ మీద నడుస్తోంది. నాకు పదీ ఇరవై అడుగుల్లో ఉంటే వీధులు కనిపిస్తాయి, మలుపు తిరిగి మట్టిగోడ అడ్డమొస్తే మాయమవుతాయి. నీలం చుక్క మాత్రం ఖాళీ తెర మీద నడుస్తూనే ఉంటుంది. మనం ఎక్కడున్నామో చెప్పే సంకేతం నేరుగా ఉపగ్రహాల నుంచి వస్తుంది, దానికి సిమ్ అక్కర్లేదు. వీధుల బొమ్మకే నెట్టు కావాలి. అంటే వాడికి తానెక్కడున్నాడో కచ్చితంగా తెలుసు, ఆ చోటు పేరేమిటో, అక్కణ్నుంచి ఎటు పోవాలో తెలియదు.

ప్రార్థన చక్రాన్ని ఫొటో తీసొస్తానని వెళ్లి తప్పిపోనే పోయాడు. ఫోన్ చేద్దామంటే వాడికి సిగ్నలే లేదు. అరుద్దామంటే ఊపిరి లేదు. ఏం చేయాలో తోచక తెర చూస్తుంటే, హాట్‌స్పాట్‌కు ఒక పరికరం కలిసింది అని పడింది. అంటే వాడు దగ్గర్లోనే ఉన్నాడు! నాలుగడుగులు ముందుకేశాను, పోయింది. వెనక్కొచ్చాను, మళ్లీ కలిసింది. ఎడమ సందులోకి తిరిగేసరికి వాడి వాట్సాప్ మెసేజ్‌లన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి: "అక్కా ఎక్కడ", "ఆవు ఉన్నచోట ఉన్నా", "ఇది వేరే ఆవు". గోడకు అటుపక్కనే ఉన్నాడు. ఇంత చదువూ చదివి, తమ్ముణ్ని వైఫై వాసన పట్టుకుని వెతికాను. మీరైతే గదిలో ఉండగానే ఊరి మ్యాపు మొత్తం ఫోన్లోకి దించుకోండి. ఆఫ్‌లైన్ మ్యాపుకు అక్కలూ అక్కర్లేదు, సిమ్‌లూ అక్కర్లేదు.

వెతుకులాటతో ఆకలేసింది. బజారులో తుక్పా తాగాం, నూడుల్సూ కూరగాయలూ వేసిన వేడి వేడి చారు. మర్నాడు ఇంటామె స్క్యూ వండింది. గోధుమపిండిని చిన్న ఉండలు చేసి బొటనవేలితో నొక్కి, ముల్లంగి, క్యారెట్ ముక్కలతో ఉడికిస్తారు. కారం ఉండదు. పొద్దున ఖంబీర్ అనే మందపాటి రొట్టె, ఎండు ఆప్రికాట్ల జామ్. వెన్నా ఉప్పూ వేసి చిలికిన టీ కూడా ఇచ్చారు. టీ అనుకుని తాగితే ఎవరికీ నచ్చదు, సూప్ అనుకుని తాగండి, రెండో గ్లాసు మీరే అడుగుతారు. తమ్ముడు అన్నిట్లోనూ ఆవకాయ కలుపుకున్నాడు. టీలో కలపలేదు, అంతవరకు నయం.

ఆ తర్వాత హాన్లే. లేహ్ నుంచి సుమారు 250 కిలోమీటర్లు, చాలా దూరం సింధు పక్కనే రోడ్డు. చైనా సరిహద్దు దగ్గరి ప్రాంతం కాబట్టి ముందుగా అనుమతి తీసుకోవాలి. ఊరు దాటిన కాసేపటికే నా ఫోన్లోనూ గీతలు పోయాయి. మన జాతీయ రహదారి మీద ఐదు నిమిషాలు సిగ్నల్ లేకపోతే కంపెనీని తిడతాం. ఇక్కడ గంటల తరబడి లేకపోయినా డ్రైవరు పాటలు పాడుకుంటూ వెళ్తున్నాడు. చుమతాంగ్‌లో నది ఒడ్డున నేలలోంచి వేడినీళ్లు పొగలు కక్కుతున్నాయి. పక్కనే నదిలో నీళ్లు చేయి పెట్టనివ్వవు.

న్యోమాలో టీ కొట్టు దగ్గర ఆగితే మళ్లీ గీతలొచ్చాయి. మెసేజ్‌లు చూసుకుందామని తమ్ముడు హాట్‌స్పాట్ పెట్టించాడు. రెండు గుక్కలు తాగామో లేదో, యూనిఫారంలో ఉన్న కుర్రాడొకడు చేతిలో ఫోను పట్టుకుని అటూ ఇటూ చూస్తూ వచ్చాడు. "బెజవాడ బస్టాండ్ ఎవరిదండీ?" అని తెలుగులో అడిగాడు. వైఫై జాబితాలో ఆ పేరు చూసి తన కళ్లను తానే నమ్మలేదట. వాళ్లది పాడేరు వైపు ఒక గూడెం. సెలవు దొరికినప్పుడల్లా బెజవాడలో రైలు మారతాడట. బస్టాండ్‌తో మాత్రం తనకు పనే పడలేదని నవ్వాడు.

"ఇక్కడ నెట్టు లేదని బాధపడుతున్నారా అక్కా? కొన్నాళ్ల కిందటి దాకా మా ఊళ్లో ఫోన్ మాట్లాడాలంటే కొండెక్కేవాళ్లం. మా చెల్లి కరోనాలో ఆన్‌లైన్ క్లాసులు చెట్టు కింద రాయి మీద కూర్చుని వినేది. నేను ఇక్కణ్నుంచి మాట్లాడటం తేలిక, అమ్మ అక్కణ్నుంచి మాట్లాడటమే కష్టం" అన్నాడు. నాకేం చెప్పాలో తోచలేదు. లద్దాఖ్ దాకా వచ్చి సిగ్నల్ లేని ఊళ్లను వింతగా చూస్తున్నాను, మా రాష్ట్రంలోనే అలాంటివి ఉన్నాయి. ఈ రెండు రకాల ఊళ్లకూ పథకం మాత్రం ఒకటే. 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం 24,680 గ్రామాలకు 4జీ చేర్చాలని 26,316 కోట్ల రూపాయలతో ఆమోదించింది, పని బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించింది. గదుల్లో కూర్చున్న మాబోటివాళ్లకు 4జీ, 5జీ తేడాల మీద గొడవ. వాళ్లకు మొదటి గీత కోసం ఎదురుచూపు. టీ డబ్బులు మమ్మల్ని ఇవ్వనివ్వలేదు ఆ అబ్బాయి.

హాన్లే చేరేసరికి సాయంత్రమైంది. ఎత్తు సుమారు 4,300 మీటర్లు. ఇక్కడ నీళ్లు 86 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి కాబట్టి కుక్కర్ లేకపోతే అన్నం ఉడకదు. హోమ్‌స్టే ఇంటావిడ నవ్వుతూ "జూలే" అంది. అదే నమస్కారం, అదే థాంక్స్, అదే వెళ్లొస్తాం. మాకు మూడు మాటలు నేర్చుకునే శ్రమ తప్పింది.

ఇక నా పని. గడువుకు ఒక్క రోజే ఉంది, ఒక షాపు రిటర్ను మిగిలింది. గదిలో సిగ్నల్ లేదు. కిటికీ దగ్గర అర గీత. మేడ ఎక్కితే రెండు గీతలు. ఒళ్లో ల్యాప్‌టాప్, మీద దుప్పటి. వైఫై కంటే తీగ నిలకడ అని యూఎస్‌బీ కేబుల్ పెట్టాను. కేబుల్ గుచ్చాక యూఎస్‌బీ టెథరింగ్ నొక్కితే ల్యాప్‌టాప్ దాన్ని తీగ మీద వచ్చిన నెట్టుగానే తీసుకుంటుంది. పాస్‌వర్డ్ అక్కర్లేదు, పక్కవాళ్లు చొరబడరు, ల్యాప్‌టాప్ నుంచి ఫోనుకు ఛార్జింగూ ఎక్కుతుంది. కొన్ని చవక తీగల్లో ఛార్జింగ్ మాత్రమే వెళ్తుంది, డేటా వెళ్లదు. ఇంట్లోనే ఒకసారి పెట్టి చూసుకుని మంచిదే తెచ్చుకోండి. చిన్న చిన్న మెసేజ్‌లు మాత్రమే పంపడానికైతే బ్లూటూత్ టెథరింగ్ కూడా చాలు. నత్తే అనుకోండి, బ్యాటరీ మిగులుతుంది.

పోర్టల్ తెరుచుకుంటోంది. ఇంతలో పక్క మేడ మీద నుంచి ఒకావిడ మెల్లగా, గట్టిగా అనకుండా, ఆ లైటు ఆర్పేయమంది. ఏ లైటు? నా ల్యాప్‌టాప్ తెర! తలెత్తి చూశాను. అప్పటిదాకా నేను ఆకాశం వైపే చూడలేదు. అమావాస్య దగ్గరి రాత్రి. పాలపుంత ఒక కొండ మీద నుంచి ఇంకో కొండ మీదికి పరుచుకుని ఉంది. చుక్కల మధ్య ఖాళీ లేదు. బెజవాడలో మా డాబా మీద నుంచి నేను వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే కనిపిస్తాయి. 2022లో హాన్లే చుట్టూ వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా నేలను చీకటి ఆకాశపు రిజర్వుగా ప్రకటించారు. రాత్రిపూట బయట తెల్లలైటు కూడదు. ఊరివాళ్లకే టెలిస్కోపులిచ్చి, చుక్కలు చూపించడం నేర్పారు. వాళ్లలో చాలామంది ఆడవాళ్లే. నన్ను మందలించిన ఆవిడ వాళ్లలో ఒకరు.

సంగతి చెబితే ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. ఫోను ఇక్కడ వదిలేసి నువ్వు లోపలికెళ్లు, అందరూ అదే చేస్తారు అంది. తీగ తీసేసి మళ్లీ హాట్‌స్పాట్ పెట్టాను. సెట్టింగుల్లో 5 గిగాహెర్ట్జ్ బదులు 2.4 ఎంచుకోమని తమ్ముడు పాత సలహా గుర్తుచేశాడు, అది నెమ్మదే గానీ గోడలు దాటి దూరం పోతుంది. ఎవరూ కలవకపోతే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు తీసేశాను. చలికి బ్యాటరీ ఇట్టే పడిపోతుంది కాబట్టి ఫోన్నీ పవర్‌బ్యాంకునీ కలిపి ఉన్ని మేజోడులో దూర్చి పిట్టగోడ మీద పెట్టాం. తెర ఆర్పేసిన ఫోను చుక్కలకు అడ్డం కాదు. నేను వంటింట్లో పొయ్యి పక్కన పీట మీద కూర్చున్నాను. మట్టి పైకప్పు దాటి నెట్టు కిందికి దిగింది.

రిటర్ను దాఖలు చేయడానికి కావాల్సిన ఓటీపీ దగ్గర ఇంకో చిక్కు. అది షాపు యజమాని ఫోనుకు వెళ్తుంది, కొద్ది నిమిషాలే పనిచేస్తుంది. ఆయన ఓటీపీ చెబుదామని ఫోన్ చేస్తారు. ఫోను మేడమీద మేజోడులో మోగుతుంది. తమ్ముడు ఆయాసపడుతూ పైకి పరుగు. వాడు ఎత్తి "హలో బాబాయ్" అనేసరికి కింద నా నెట్టు పోతుంది. అక్కడ నా ఫోనుకు 4జీ మీద మాట్లాడే వీలు దొరక్కపోవడంతో, కాల్ రాగానే అది పాత తరం నెట్‌వర్కుకు దిగిపోతోంది. మాట నడిచినంతసేపూ డేటా ఉండదు. వాడు మెట్లు దిగి అంకెలు చెప్పేలోగా గడువు అయిపోతుంది. చివరికి ల్యాప్‌టాప్‌లోనే వాట్సాప్ తెరిచి, "బాబాయ్, దయచేసి ఫోన్ చేయకండి, అంకెలు ఇక్కడ పెట్టండి" అని రాశాను. పెట్టారు. రిటర్ను దాఖలైంది. వెంటనే ఆయన, "ఎక్కడున్నావమ్మా, అక్కడ అన్నం దొరుకుతోందా?" అని ఇంకో మెసేజ్ పెట్టారు.

అప్పుడు మేడెక్కి ఆవిడ టెలిస్కోపులో శనిగ్రహాన్ని చూశాను. వలయంతో సహా, పుస్తకంలో బొమ్మలాగే.

మర్నాడు కొండ మీది వేధశాలకు వెళ్లాం. 4,500 మీటర్ల ఎత్తులో రెండు మీటర్ల అద్దమున్న హిమాలయన్ చంద్ర టెలిస్కోపు. దాన్ని నడిపే శాస్త్రవేత్తలు రాత్రంతా ఈ చలిలో వణకరు. బెంగళూరు దగ్గర హోస్కోటెలో కూర్చుని ఉపగ్రహ లింకు ద్వారా తిప్పుతారు, 2001 నుంచీ అంతే. భూస్థిర కక్ష్యలోని ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల పైన ఉంటుంది. ఒక ఆదేశం అక్కడికెళ్లి దిగి, దానికి జవాబు అదే దారిలో తిరిగి రావడానికి అర సెకను పడుతుంది. నిన్న రాత్రి నేను మేజోడుతో చేసిన పనినే వీళ్లు కాస్త పెద్ద ఎత్తున చేస్తున్నారని తమ్ముడితో అన్నాను. వాడు విన్నట్టు లేదు, సిగ్నల్ వెతుకుతున్నాడు. కింద మైదానంలో మేస్ అనే గామా కిరణాల టెలిస్కోపు ఉంది, అద్దాలన్నీ కలిపి 21 మీటర్ల వెడల్పు. భాభా అణు పరిశోధన కేంద్రం దాన్ని మన హైదరాబాద్ ఈసీఐఎల్ సాయంతో కట్టింది. 2024 అక్టోబరులో ప్రారంభించారు. ఈసీఐఎల్ అంటే నాకు అప్పటిదాకా ఓటింగ్ యంత్రమూ, ఆ క్రాస్‌రోడ్స్ ట్రాఫిక్కూ మాత్రమే తెలుసు.

వెళ్లాలనుకునేవాళ్లు పోస్ట్‌పెయిడ్ సిమ్, డేటా వెళ్లే కేబుల్, పవర్‌బ్యాంక్, పాత ఉన్ని మేజోడు పెట్టుకోండి. హాట్‌స్పాట్‌కు మీ ఊరి పేరు పెట్టుకోండి, ఎవరైనా పలకరిస్తారేమో. పాస్‌వర్డ్ అడిగిన తోటి ప్రయాణికులకు ఇవ్వండి, మర్నాడు మార్చేయండి. హాన్లేకు అమావాస్య అటూ ఇటూ రోజులు మంచివి. జీఎస్టీ పనివాళ్లు మాత్రం 20వ తేదీ దాటాకే టికెట్ తీసుకోండి.